పోర్ట్రెయిట్ కోసం ప్రైమ్ లెన్స్ కొనబోతున్నారా? విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కొంతమందిమి కలిసి ఫొటోలు తీస్తుంటాం. కొత్తగా వచ్చినవాళ్లు లెన్స్ గురించి, ముఖ్యంగా జూమ్ లేని ప్రైమ్ లెన్స్ గురించి అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. నేను జవాబు చెప్పేలోపు మంచి వెలుతురు కాస్తా దాటిపోతోంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. దేనికదే విడిగా చదువుకోవచ్చు, మీకు కావలసిన దాని దగ్గరకు నేరుగా వెళ్లండి.

## కొనాలా వద్దా అన్న దశలో

కిట్ లెన్స్‌తోనే బాగా వస్తున్నాయి. మళ్లీ ప్రైమ్ ఎందుకు, డబ్బు దండగ కాదా?

పగటిపూట బయట తీసిన ఫొటోలతో మీకు తృప్తిగా ఉంటే ఇప్పుడే కొనక్కర్లేదు. తేడా తెలిసేది చీకటి పడ్డాక, ఇంట్లో. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 దాకా తిప్పితే అపెర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/5.6కి పడిపోతుంది. ఎఫ్/1.8 ప్రైమ్ దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది. దేవుడి గదిలో దీపం ముందు కూర్చున్న అమ్మను తీయడానికి కిట్ లెన్స్ ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును పట్టే చురుకు) 6400 అడిగిందనుకోండి, ప్రైమ్‌తో 640 దగ్గరే పనైపోతుంది. ఇసుక చల్లినట్టుండే నాయిస్ తగ్గి, ముఖం మీది సన్నని ముడతలు కూడా ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.

ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఉంది కదా, అది చాలదా?

ఫోన్ వెనకభాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో బ్లర్ చేస్తుంది. ఎక్కడ మనిషి అయిపోయి ఎక్కడ వెనకభాగం మొదలైందో అది అంచనా వేసుకోవాలి. జడలో మల్లెపూలు, గాలికి ఎగిరే ముంగురులు, బుట్టలోలాకుల మధ్య సందులు వచ్చేసరికి ఆ అంచనా తప్పుతుంది. వాట్సాప్‌లో పంపుకోవడానికి ఫర్వాలేదు. పెద్ద ప్రింటు వేయించి గోడకు పెట్టుకుంటే మాత్రం ఆ తప్పు రోజూ కనబడుతూనే ఉంటుంది.

ఎఫ్/1.8 అంటే అసలు ఏంటి? అంకె తగ్గితే బ్లర్ ఎందుకు పెరుగుతుంది?

లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (పేరులోని ఎంఎం అంకెను) ఆ ఎఫ్ అంకెతో భాగిస్తే వచ్చేది లోపలి రంధ్రం వ్యాసం. 50 ఎంఎం ఎఫ్/1.8లో అది సుమారు 28 మిల్లీమీటర్లు. 85 ఎంఎం ఎఫ్/1.8లో 47. అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది.

బ్లర్ ఎంత వస్తుందో ఊహించుకోవడానికి నేను చెప్పే లెక్క ఒకటుంది. రాత్రిపూట బీచ్‌లో మనిషిని నిలబెట్టి తీస్తున్నారనుకోండి. వెనక చాలా దూరంగా, సముద్రంలో లంగరు వేసిన ఓడ దీపం ఉంది. ఫోకస్ మనిషి మీద ఉంటే ఆ దీపం చుక్క గుండ్రటి బిళ్లగా మారుతుంది. ముఖంతో పోల్చి చూస్తే ఆ బిళ్ల దాదాపు లెన్స్ రంధ్రమంతే ఉంటుంది. 55 ఎంఎం, ఎఫ్/5.6 కిట్ లెన్స్‌లో శనగగింజంత. 50 ఎఫ్/1.8లో పది రూపాయల బిళ్లంత. 85 ఎఫ్/1.8లో నిమ్మకాయంత. 85 ఎఫ్/1.4లో బత్తాయంత. ఒకసారి ఈ లెక్క మనసులో పడితే, ఏ లెన్స్‌లో వెనకభాగం ఎంత కరుగుతుందో కాగితం చూడకుండానే చెప్పగలుగుతారు.

35, 50, 85, 135... వీటిలో నాకేది? అందరూ 85 అంటున్నారు.

నేను మొదట అడిగేది మీ కెమెరా గురించి కాదు, మీరు తీసే గది గురించి. టేపు తీసుకుని, మనిషి నిలబడే చోటి నుంచి మీరు వెనక్కి వెళ్లగలిగేంత దూరం కొలవండి. లెన్స్‌ను ఎంచాల్సింది ఆ కొలతే.

కెమెరా నిలువుగా పట్టుకుని తల నుంచి పాదాల దాకా తీయాలంటే, ఫుల్ ఫ్రేమ్‌లో, అంటే పెద్ద సెన్సర్ కెమెరాలో, 85కి దాదాపు ఐదు మీటర్లు కావాలి. అదే 85ని చిన్న సెన్సర్ ఉన్న క్రాప్ కెమెరాకు పెడితే ఏడు మీటర్లు దాటుతుంది. క్రాప్‌లో 50కి నాలుగున్నర, 35కి మూడు చాలు. ఫుల్ ఫ్రేమ్‌లో 135కి ఏడున్నర కావాలి, అది బీచ్‌కో కల్యాణ మండపానికో తప్ప ఇంటికి కుదరదు.

ఇది నాకు గాజువాకలో ఒక ఓణీల ఫంక్షన్‌లో తెలిసొచ్చింది. అమ్మాయిని సిద్ధం చేస్తున్న గది పది అడుగులకు పన్నెండు. నా దగ్గర క్రాప్ కెమెరా, కొత్త 85. బీరువాకు వీపు ఆనించి నిలబడ్డా, ఫ్రేమ్‌లో తల నుంచి నడుము దాకానే పట్టింది. వాళ్ల మేనమామ తెచ్చిన కంచిపట్టు పరికిణీ, దాని పెద్దంచు, పాదాల పారాణి, ఏవీ రాలేదు. ఆ రోజు 50 ఉండి ఉంటే గడప అవతలికి ఒక అడుగు వేస్తే సరిపోయేది.

కాబట్టి ఫ్లాట్లలో, ఇళ్లలో ఎక్కువగా తీసేవాళ్లు క్రాప్ కెమెరా అయితే 35 గానీ 50 గానీ తీసుకోండి. ఫుల్ ఫ్రేమ్ అయితే ముందు 50. బయట, పెద్ద మండపాల్లో తీసేవాళ్లకు ఫుల్ ఫ్రేమ్‌లో 85, క్రాప్‌లో 50 లేదా 56. ఇద్దరు ముగ్గురి లెన్సులు మార్చి మార్చి వాడి చూశాక నేను అందరికీ చెప్పే మాట ఇదే.

35తో తీస్తే ముక్కు పెద్దగా వస్తుందంటారు. నిజమేనా?

ముక్కును పెద్దది చేసేది లెన్స్ కాదు, దూరం. ముక్కు కొస చెవుల కన్నా పన్నెండు సెంటీమీటర్ల వరకు ముందుంటుంది. అర మీటరు దగ్గర నుంచి తీస్తే చెవులతో పోలిస్తే ముక్కు దాదాపు నాలుగో వంతు పెద్దగా పడుతుంది. రెండు మీటర్ల నుంచి తీస్తే ఆ తేడా ఆరు శాతమే. 35 పెట్టినప్పుడు ముఖం ఫ్రేమ్ నిండాలని మనం దగ్గరకు జరుగుతాం, సమస్య అక్కడ మొదలవుతుంది. 35తో నడుము దాకా, నిలువెత్తు ఫొటోలు హాయిగా తీయొచ్చు. ముఖం ఒక్కటే కావాలంటే 35 వద్దు.

ఎఫ్/1.8 చాలా? డబ్బులు కూడబెట్టి ఎఫ్/1.4 తీసుకోమంటారా?

వెలుతురులో ఆ రెండింటి తేడా మూడింట రెండు వంతుల స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). ఐఎస్ఓ 1000తో అయ్యే పని 640తో అవుతుంది, అంతే. బ్లర్‌లో తేడా కనబడుతుంది గానీ దానికి ధర, బరువు రెండూ కట్టాలి. సోనీ 85 ఎఫ్/1.8 బరువు 371 గ్రాములు. సిగ్మా 85 ఎఫ్/1.4 మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) మోడల్ 630 గ్రాములు. పెళ్లిలో ఆరు గంటలు మెడకు వేలాడదీసేవాళ్లకు ఆ పావు కిలో పైచిలుకు తెలుస్తుంది. ఫొటోగ్రఫీతో సంపాదిస్తూ ఎక్కువగా రాత్రి పెళ్లిళ్లు తీసేవాళ్లకు 1.4 సబబే. మిగతావాళ్లు 1.8 తీసుకుని మిగిలిన డబ్బుతో ఒక ఫ్లాష్, దాని వెలుతురును మెత్తబరిచే తెల్ల గొడుగు కొనుక్కోండి. ఫొటోలో మార్పు వాటితోనే ఎక్కువ వస్తుంది.

బడ్జెట్ ఇరవై వేలు దాటదు. ఏం వస్తుంది?

50 ఎఫ్/1.8 వస్తుంది. కెనాన్, సోనీ, డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం) నికాన్‌లకు ఈ రకం లెన్సులు చాలావరకు ఆ ధరలోపే దొరుకుతాయి. నికాన్ జెడ్ కెమెరా అయితే జెడ్ 50 ఎఫ్/1.8 ఎస్ చాలా ఖరీదు, దాని బదులు 40 ఎంఎం ఎఫ్/2 చూడండి. 170 గ్రాములే, ముఖాలను చక్కగా పడుతుంది. ధరలు పండుగ ఆఫర్లలో మారుతుంటాయి కాబట్టి కొనే రోజు ఒకసారి సరిచూసుకోండి.

## నా కెమెరాకు పడుతుందా

నాది కెనాన్ 1500డి. ఆర్‌ఎఫ్ 50 ఎంఎం తక్కువకు వస్తోంది, తీసుకోనా?

వద్దు. ఆర్‌ఎఫ్ అనేది కెనాన్ మిర్రర్‌లెస్‌కు చేసిన లెన్స్, మీ డీఎస్ఎల్ఆర్‌కు బిగుసుకోదు, దానికి అడాప్టర్ కూడా లేదు. మీకు కావలసింది ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. ఇది 2015లో వచ్చింది. తిరకాసు ఎటువైపో గుర్తుంచుకోండి: పాత ఈఎఫ్ లెన్స్‌ను అడాప్టర్‌తో కొత్త ఆర్50, ఆర్10, ఆర్8 లాంటి కెమెరాలకు పెట్టుకోవచ్చు, ఆటో ఫోకస్ బాగానే పనిచేస్తుంది. కొత్త లెన్స్‌ను పాత కెమెరాకు మాత్రం పెట్టలేం.

మా బాబాయి నికాన్ 50 ఎంఎం ఇచ్చారు. నా డి3500లో ఆటో ఫోకస్ రావట్లేదు. పాడైందా?

పాడవలేదు. లెన్స్ మీద ఎఫ్/1.8డి అని ఉందేమో చూడండి. ఆ రకం లెన్సుల్లో మోటార్ ఉండదు, కెమెరా బాడీలోని మోటారే దాన్ని తిప్పాలి. డి3000, డి5000 వరుస కెమెరాల్లో ఆ మోటార్ లేదు. డి7000 వరుసలో ఉంటుంది. మీరు కొనేటప్పుడు ఏఎఫ్-ఎస్ అని, చివర జి అని ఉన్నది తీసుకోండి. బాబాయి ఇచ్చినదాన్ని పారేయకండి, చేత్తో ఫోకస్ చేయడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి లెన్స్ దొరకదు. జెడ్ కెమెరాలకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో పెట్టినా డి లెన్సులకు ఆటో ఫోకస్ రాదు.

50 ఎంఎం నా కెమెరాలో 75 అవుతుందంటున్నారు. లెన్స్ మారిపోతుందా?

లెన్స్ మారదు. క్రాప్ సెన్సర్ చిన్నది కాబట్టి లెన్స్ చూపే బొమ్మలో మధ్యభాగాన్నే తీసుకుంటుంది. అందుకని ఫ్రేమ్ బిగుతుగా కనిపిస్తుంది. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ కెమెరాల్లో 1.5తో, కెనాన్‌లో 1.6తో హెచ్చించి పోల్చుకోవచ్చు. 50 ఎంఎం ఫ్రేము వరకు నికాన్‌లో 75లా, కెనాన్‌లో 80లా ఉంటుంది. బ్లర్ మాత్రం 50 ఎంఎం రంధ్రం ఇచ్చేదే, 85 ఇచ్చేంత రాదు.

సోనీ ఏ6400కి సిగ్మా, విల్ట్రాక్స్ లాంటివి తీసుకోవచ్చా?

నిస్సందేహంగా. సిగ్మా 56 ఎంఎం ఎఫ్/1.4 బరువు 280 గ్రాములు, క్రాప్ కెమెరాలో పోర్ట్రెయిట్లకు నాకు బాగా నచ్చిన లెన్స్ అదే. ఒక్కటి ఆలోచించుకోండి: అది క్రాప్ కోసం చేసిన లెన్స్. రేపు ఫుల్ ఫ్రేమ్ ఏ7 కొని దీన్ని పెడితే కెమెరా అంచులు కోసేస్తుంది, 24 మెగాపిక్సెల్ ఫొటో పదికి వస్తుంది. రెండేళ్లలో ఫుల్ ఫ్రేమ్‌కు మారే ఆలోచన ఉంటే ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన ఎఫ్ఈ లెన్స్ కొనడం మేలు.

స్టెబిలైజేషన్ లేకపోతే ఫొటో షేక్ అవదా?

స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. మనుషుల ఫొటోలకు షట్టర్ 1/200 పెట్టుకుంటే రెండూ చాలావరకు తీరిపోతాయి. చిన్నపిల్లలైతే 1/500. ప్రైమ్ లెన్స్ తెచ్చే అదనపు వెలుతురును మొదట ఖర్చు పెట్టాల్సింది షట్టర్ వేగం మీదే.

## డబ్బు కట్టే ముందు

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా? ఏమేం చూడాలి?

తీసుకోవచ్చు. లెన్స్ కెమెరాలా పాతబడదు, పదేళ్ల కిందటి 85 ఈ రోజుకీ మంచి ఫొటోలు ఇస్తుంది. కాకపోతే మనది సముద్రం పక్క ఊరు, ఇక్కడ వాడిన లెన్స్‌లో మొదట వెతకాల్సింది ఫంగస్.

రెండు మూతలూ తీసి, ఫోన్ టార్చ్‌ను వెనక నుంచి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. నేరుగా వేస్తే ఏమీ కనిపించదు. ఫంగస్ అద్దం అంచు దగ్గర మొదలవుతుంది. సాలెగూడు దారాల్లా, లేదా కిటికీ అద్దం మీద ఆవిరి గీతల్లా సన్నగా పాకి ఉంటుంది. దుమ్ము రేణువులు నాలుగైదు ఉంటే భయపడకండి, వాటివల్ల ఫొటోకు ఏమీ కాదు. ఫంగస్ ఎంత చిన్నదైనా సరే, వదిలేసి వచ్చేయండి.

తరువాత అపెర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందేమో, ఫోకస్ రింగ్ తిప్పితే ఇసుక కరకర వినిపిస్తోందేమో, వెనక బంగారు రంగు కాంటాక్టులకు పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. కెమెరాకు బిగిసే మౌంట్ దగ్గర స్క్రూల గాళ్లు అరిగి ఉంటే ఎవరో లోపల చేయిపెట్టారని అర్థం. చివరగా మీ సొంత కెమెరాకు పెట్టి పది ఫొటోలు తీయకుండా డబ్బు ఇవ్వకండి.

బిల్లు లేకుండా రెండు మూడు వేలు తగ్గిస్తామంటున్నారు. పోతే పోయింది అనుకోవచ్చా?

అనుకోవద్దు. నా మొదటి 85 అలా కొన్నదే. ఏడు నెలలకు ఫోకస్ మోటార్ ఆగిపోయింది. సర్వీసుకు పంపితే, ఆ సీరియల్ నంబర్ ఇండియాలో అమ్మిన లెన్స్‌ది కాదని వెనక్కి పంపించారు. అమ్మిన షాపతను వారంటీ కార్డు తాను ఇవ్వలేదని తేల్చేశాడు. మిగిలిన రెండు వేలకు నాలుగు రెట్లు మోటారుకే అయింది. సీరియల్ నంబర్ వేసిన జీఎస్‌టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు, రెండూ చేతిలో పడ్డాకే డబ్బు కట్టండి.

షాపులో ఐదు నిమిషాలే ఇస్తారు. ఎలా పరీక్షించాలి?

దినపత్రికలో ఒక పూర్తి పేజీ వెంట తీసుకెళ్లండి. గోడకు అంటించి, కెమెరాను దానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని ఎఫ్/1.8లోను, ఎఫ్/4లోను తీయండి. తెర మీద పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే సహజమే. ఒక మూల అలుక్కుపోయి మిగతా మూడు బాగుంటే లోపలి అద్దం పక్కకు జరిగింది, ఇంకో పీస్ అడగండి. తరువాత షాపులో ఎవరినైనా నిలబెట్టి, కంటి మీద ఫోకస్ పెట్టి ఐదు ఫొటోలు తీయండి. ఐదింట నాలుగైనా కన్ను షార్ప్‌గా రావాలి.

యూవీ ఫిల్టర్ పెట్టాలా? హుడ్ చాలదా?

లెన్స్ ముందు తొడిగే హుడ్ ఎప్పుడూ ఉండాలి. ఎండ పక్క నుంచి పడకుండా ఆపుతుంది, దెబ్బ తగిలితే ముందు తనే తింటుంది. ఫిల్టర్ నేను బీచ్‌కు మాత్రమే పెడతాను, ఉప్పు తుంపర అద్దానికి బదులు దాని మీద పడుతుందని. రాత్రి మండపంలో తీసేయండి, లేకపోతే ప్రతి సీరియల్ లైటుకూ ఒక దొంగ ప్రతిబింబం వస్తుంది.

## కొన్నాక మొదటి నెల

ఎఫ్/1.8లో తీస్తే ఒక కన్నే షార్ప్‌గా ఉంటోంది. రెండోది పోతోంది. ఎందుకు?

ఫోకస్ పొర అంత పలచగా ఉంటుంది మరి. ఫుల్ ఫ్రేమ్‌లో 85ని ఎఫ్/1.8లో పెట్టి రెండు మీటర్ల నుంచి తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు ఆరు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. 1.2 మీటర్లకు జరిగితే రెండు సెంటీమీటర్లే. మనిషి ముఖం కొంచెం పక్కకు తిప్పితే చాలు, అవతలి కన్ను అంతకన్నా వెనక్కి పోతుంది. క్రాప్ కెమెరాలో 50 ఎఫ్/1.8తో రెండు మీటర్ల దగ్గర పదకొండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి మొదట్లో అది కాస్త క్షమిస్తుంది.

ముఖం దగ్గరగా తీసేటప్పుడు ఎఫ్/2.8కి వెళ్లండి. లేదా రెండు కళ్లూ కెమెరాకు సమాన దూరంలో ఉండేలా ముఖం తిప్పించండి. ఒక కన్నే షార్ప్‌గా రాక తప్పదంటే అది కెమెరాకు దగ్గరగా ఉన్న కన్నే కావాలి.

ఫోకస్ ప్రతిసారీ చెవి మీదకో ముక్కు మీదకో పోతోంది. లెన్స్ లోపమా?

ముందు మీ అలవాటు చూసుకోండి. మధ్య పాయింట్‌తో కంటి మీద ఫోకస్ లాక్ చేసి, తరువాత ఫ్రేమ్ మార్చడానికి కెమెరా తిప్పుతున్నారా? ఆ కాస్త తిప్పడంలోనే రెండు మూడు సెంటీమీటర్లు పోతాయి. ఫోకస్ పాయింట్‌నే కంటి మీదకు జరపండి. మిర్రర్‌లెస్ అయితే కన్ను వెతికి ఫోకస్ చేసే ఐ ఏఎఫ్ ఆన్ చేయండి, సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

డీఎస్ఎల్ఆర్‌లో ఇంకో పరీక్ష ఉంది. ట్రైపాడ్ మీద పెట్టి, వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో (వెనక తెర మీద చూస్తూ) ఒకసారి అదే వస్తువును తీయండి. లైవ్ వ్యూ బాగుండి వ్యూఫైండర్ తప్పితే లెన్స్‌కీ కెమెరాకీ పొత్తు కుదరలేదన్నమాట. డి7500 లాంటి వాటిలో మెనూలోనే సరిదిద్దుకోవచ్చు. 1500డి, డి3500లో ఆ సౌకర్యం లేదు, సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాలి.

జంటను తీస్తే ఒకరే షార్ప్‌గా వస్తున్నారు.

ఇద్దరి తలలూ ఒకే వరసలో ఉంటే ఎఫ్/2.8, ఒకరు భుజం వెనక నిలబడితే ఎఫ్/4. తాతయ్య నుంచి మనవడి దాకా రెండు వరసల్లో కూర్చుంటే ఎఫ్/5.6కి తగ్గకండి. బ్లర్ కావాలంటే అందరినీ గోడకు దూరంగా, ముందుకు జరపండి.

జరీ అంచు చుట్టూ ఊదా రంగు గీత వస్తోంది. చీర రంగే మారిపోయినట్టుంది.

అపెర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు, బాగా మెరిసే అంచుల దగ్గర చాలా ఫాస్ట్ లెన్సులు (ఎఫ్ అంకె చిన్నగా ఉన్నవి) చేసే పని ఇది. ఫోకస్‌కు ముందున్న మెరుపుకు ఊదా, వెనకున్నదానికి ఆకుపచ్చ ఛాయ వస్తుంది. 1992 నాటి కెనాన్ ఈఎఫ్ 85 ఎఫ్/1.8లో బాగా కనిపిస్తుంది, కొత్త లెన్సుల్లో తక్కువ. నేను మొదటిసారి గమనించింది ఒక పెళ్లికూతురి వంకీ మీద. రాళ్ల చుట్టూ వంకాయ రంగు పూసినట్టుంది. అపెర్చర్‌ను ఎఫ్/2.8కి మారిస్తే చాలావరకు పోతుంది. మిగిలింది రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని ఫొటో ఫైల్) ఎడిట్ చేసేటప్పుడు డీఫ్రింజ్ అనే మీటతో తీసేయొచ్చు. పొరపాటున చీరలోని అసలు ఊదా రంగును కూడా తీసేయకండి, ఆ మీట కొంచెంగానే జరపాలి.

మిట్టమధ్యాహ్నం ఎఫ్/1.8 పెడితే అంతా తెల్లగా పోతోంది.

మండుటెండలో ఐఎస్ఓ 100, ఎఫ్/1.8 అంటే షట్టర్ 1/8000 కావాలి. 1500డి, డి3500, ఏ6400 లాంటి కెమెరాల మెకానికల్ షట్టర్ 1/4000 దగ్గరే ఆగిపోతుంది. వెలుతురు తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ పెడితే 1/1000కి దిగుతుంది. మీ లెన్స్ ఫిల్టర్ సైజు మూత వెనక రాసి ఉంటుంది. ఆ ఖర్చు వద్దనుకుంటే మనిషిని చెట్టు నీడలోకి తెచ్చేయండి, ముఖానికి కూడా అదే మంచిది.

ఇంట్లో ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోల్లో అడ్డ చారలు పడుతున్నాయి.

సైలెంట్ షట్టర్ ఆపేసి, మెకానికల్ షట్టర్‌తో 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతాయి, 1/100లో ఒక విడత పూర్తిగా పడుతుంది.

## మన ఊళ్లో తీసేటప్పుడు

బీచ్‌లో ఏ టైమ్ మంచిది? సూర్యాస్తమయం గోల్డెన్ అవర్ అంటారు కదా?

ఆ సలహా పడమటి తీరం వాళ్లది. మనకు సముద్రం తూర్పున ఉంది. బంగారు రంగు వెలుగు సముద్రం మీదుగా వచ్చేది పొద్దున్నే. మే నెలలో ఐదున్నర కాకముందే సూర్యుడు పైకి వస్తాడు, జనవరిలో ఆరు దాటాక. మనిషిని సముద్రం వైపు తిప్పితే ముఖం వెలుగుతుంది. వీపు సముద్రం వైపు పెడితే జుట్టు చుట్టూ వెలుగు గీత వస్తుంది. అరగంట దాటితే ఆ రంగు ఉండదు, కాబట్టి ముందురోజు రాత్రే బ్యాటరీ, కార్డు చూసుకోండి.

సాయంత్రం వేరే అందం. సూర్యుడు ఊరి మేడల వెనక్కి, కొండల వెనక్కి దిగిపోతాడు. అస్తమయానికి ముందే ఇసుక మొత్తం నీడలోకి వచ్చేస్తుంది. అప్పుడు సముద్రం మీది తెరిపి ఆకాశమే ఒక పెద్ద మెత్తటి లైటు. ముఖం మీద ఒక్క గట్టి నీడ ఉండదు. వెలుతురు తగ్గుతూ పోతుంది, ఎఫ్/1.8 లెన్స్ ఉన్నవాళ్లు మిగతావాళ్లు సర్దుకున్నాక కూడా ఇరవై నిమిషాలు తీసుకోగలుగుతారు. అనుభవం లేని మోడల్ అయితే నేను సాయంత్రమే పిలుస్తాను. పొద్దుటి ఎండకు వాళ్లు కళ్లు చికిలిస్తారు.

వెనక ఏం ఉంటే బ్లర్ బాగుంటుంది? ఎక్కడికి వెళ్లాలి?

వెనకభాగం ఎంత దూరముంటే అంత కరుగుతుంది. మనిషి గోడకు ఆనుకుని ఉంటే ఎఫ్/1.4 కూడా ఏమీ చేయలేదు. కైలాసగిరి మీద రెయిలింగ్ దగ్గర నిలబెడితే వెనక తీరం వంపంతా మెత్తగా కరుగుతుంది. తెన్నేటి పార్కు దగ్గర సరుగుడు, కొబ్బరి ఆకుల సందుల్లోంచి పడే వెలుగు గుండ్రటి బిళ్లలవుతుంది.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఒక జాగ్రత్త. ఎండ ఆ మట్టి మీద పడి కింది నుంచి ముఖం మీదకు ఎర్రగా తిరిగొస్తుంది. గడ్డం కింద, మెడ మీద కుంకుమ అద్దినట్టు వస్తుంది. మనిషి పాదాల ముందు ఒక తెల్ల దుప్పటి పరిస్తే ఆ ఎరుపు ఆగుతుంది. దిబ్బల అంచులు ఎక్కి తొక్కకండి, అవి వేల ఏళ్లలో ఏర్పడ్డవి, మన కాళ్ల కింద రాలిపోతే తిరిగి రావు.

నేవీ బోర్డు కనిపించిన చోట కెమెరా బ్యాగులో పెట్టేయండి. డాల్ఫిన్స్ నోస్ వైపు వెళ్లేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

హోటల్ గది నుంచి బయటకు రాగానే లెన్స్ మసకబారిపోతోంది.

ఏసీలో చల్లబడ్డ అద్దానికి బయటి తేమ తగిలి నీరు పడుతోంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. బయలుదేరడానికి అరగంట ముందు కెమెరాను బ్యాగులోనే ఉంచి, జిప్ మూసి, బాల్కనీలో పెట్టండి. బ్యాగుతో పాటు మెల్లగా వేడెక్కుతుంది. ఆ సమయంలో లెన్స్ మార్చకండి, లేదంటే తేమ సెన్సర్ మీదకు చేరుతుంది.

ఉప్పుగాలి, ఫంగస్... లెన్స్‌ను ఎలా కాపాడుకోవాలి?

విశాఖలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ డెబ్బై శాతం పైనే. లెన్స్ దాచేచోట నలభై, యాభై శాతం మధ్య ఉండాలి. నేను ఒక వానాకాలమంతా 50ని లెదర్ పౌచ్‌లో పెట్టి బీరువాలో ఉంచేశాను. దసరాకు తీసి చూస్తే లోపలి అద్దం అంచున తెల్లటి దారాలు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, బీరువాలో గాలి ఆడదు, చీకటి. ఫంగస్‌కు ఇంకేం కావాలి.

డ్రై క్యాబినెట్ కొనగలిగితే మంచిదే. లేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు. సిలికా జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడండి. బియ్యంలో మాత్రం పెట్టకండి, పిండి లోపలికి పోతుంది. అన్నిటికన్నా మేలైంది, వారానికొకసారి లెన్స్ బయటకు తీసి నాలుగు ఫొటోలు తీయడం.

బీచ్ నుంచి వచ్చిన రోజు ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదండి. తరువాత మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో లెన్స్ ఒళ్లు, మౌంట్ చుట్టూ తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఇసుక ఊదకుండా అద్దం తుడిస్తే గీతలు పడతాయి. బీచ్‌లో లెన్స్ మార్చడం అసలే వద్దు, ఇంటి దగ్గరే కెమెరాకు బిగించుకున్న ఒక్క ప్రైమ్‌తోనే తిరగండి.

135 కొంటే ఫిషింగ్ హార్బర్‌లో జనాన్ని దూరం నుంచి, వాళ్లకు తెలియకుండా తీయొచ్చు కదా?

తీయొచ్చు, కానీ నేను అలా తీయను. అక్కడ తెల్లవారుజామున అందరూ పని మీద ఉంటారు. ముందు దారికి అడ్డం లేకుండా నిలబడి, వేలం హడావుడి తగ్గాక వెళ్లి అడగండి. నేను 50 పెట్టుకుని వెళ్తాను, మాట్లాడేంత దూరంలో ఉండాలి కాబట్టి. మా అమ్మ వయసున్న ఒకావిడ బుట్ట దించుకుని కూర్చుని ఉంటే, "అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?" అన్నాను. కొంగు సర్దుకుని సూటిగా చూసింది. ఎఫ్/2.2లో వెనక పడవలన్నీ రంగుల మరకలైపోయాయి. తెర మీద చూపిస్తే ఆవిడ తన ముఖం చూసుకోలేదు, వేలితో కన్ను చూపించి, "ఇందులో మా పడవ కనబడతంది బాబూ" అంది. పెద్దది చేసి చూశాను. నా వెనక, ఆవిడకు ఎదురుగా ఉన్న పడవ, పైన జెండాతో సహా, కంటిపాపలో గింజంత ఉంది.

అడిగి తీసిన ఫొటోకు ప్రింటు ఇచ్చి రండి. పోస్ట్‌కార్డు సైజు చాలు. అక్కడ తడి చేతులతో పట్టుకుంటారు కాబట్టి లామినేషన్ చేయించి తీసుకెళ్లండి.